భారీ నిర్మాణాల వ్యయ విశ్లేషణ: పోలవరం అంచనాల సవరణలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పోలవరం ప్రాజెక్టు అంచనా వ్యయం 2005-06 ధరల స్థాయిలో రూ.10,151 కోట్లు. 2017-18 ధరల స్థాయిలో అది రూ.55,549 కోట్లకు చేరింది. ఈ పెరుగుదలను ధరల ప్రభావంగా కొందరు, దుబారాగా మరికొందరు వ్యాఖ్యానిస్తారు. ఒక ప్రాజెక్టు వ్యయాన్ని రేటు, పరిమాణం, చట్టం, కాలం అనే నాలుగు కారకాలుగా విడదీసి చూడకుండా ఈ రెండు వాదాలలో దేనినీ నిర్ధారించడం సాధ్యం కాదు. అంచనాల తయారీ విధానాన్ని, పెరుగుదలను విడదీసే పద్ధతిని, లబ్ధి-వ్యయ నిష్పత్తి పరిమితులను ప్రకటిత గణాంకాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. అంచనా పెరుగుదలలో కనీసం సగభాగం భూసేకరణ, పునరావాసాలకు చెందినదని ఈ పరిశీలనలో తేలుతుంది.

కీలకపదాలు: అంచనా వ్యయం, ధరల స్థాయి, రేటు విశ్లేషణ, లబ్ధి-వ్యయ నిష్పత్తి, భూసేకరణ, పునరావాసం, పోలవరం.

1. ఉపోద్ఘాతం

ఇల్లు కట్టి చూడమన్న సామెత తెలుగునాట అందరికీ తెలిసినదే. వేసుకున్న లెక్కకూ తుదకు అయ్యే ఖర్చుకూ పొంతన కుదరదన్న అనుభవం ఆ సామెత వెనుక ఉంది. ఆనకట్టలు, రైలుమార్గాలు, వంతెనల విషయంలోనూ ఈ అనుభవమే పెద్ద ఎత్తున పునరావృతమవుతుంది. బెంట్ ఫ్లివ్‌బియర్గ్, ఆయన సహపరిశోధకులు 258 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో ప్రతి పదింటిలో దాదాపు తొమ్మిది ప్రాజెక్టుల వ్యయం అంచనాను దాటింది. ప్రపంచ ఆనకట్టల కమిషన్ 2000 సంవత్సరపు నివేదికలో, పరిశీలించిన 81 పెద్ద ఆనకట్టల సగటు అదనపు వ్యయం 56 శాతంగా నమోదైంది.

అంచనాలో పొరపాట్లు యాదృచ్ఛికమైనవే అయితే కొన్ని ప్రాజెక్టుల వ్యయం అంచనాకు మించాలి, కొన్నింటిది తగ్గాలి. దాదాపు అన్నీ ఒకే దిశలో తప్పడం వల్ల ఇది గణనలో దొర్లే లోపం మాత్రమే కాదని స్పష్టమవుతోంది. అనుమతి పొందాలన్న తొందరలో తక్కువ చూపడం, ఎదురుకాగల అవాంతరాలను చిన్నవిగా తలచడం, అసలు కొన్ని ఖర్చులను లెక్కలోకే తీసుకోకపోవడం – ఈ మూడింటినీ వేరువేరుగా గుర్తించవలసి ఉంటుంది. వీటిలో మూడవది తక్కువ చర్చకు వచ్చిన అంశం. పోలవరం అంచనాల చరిత్ర దానిని స్పష్టంగా చూపుతుంది.

2. అంచనా తయారయ్యే విధానం

ఇంజనీరింగ్ అంచనా ఒక గుణకారంతో మొదలవుతుంది. పని పరిమాణాన్ని ఆ పని రేటుతో గుణిస్తే వచ్చేది ఆ అంశం వ్యయం. మట్టి తవ్వకం, రాతి పని, కాంక్రీటు, ఉక్కు, గేట్లు – ఇలా ప్రతి అంశానికీ ఇదే పద్ధతి. వీటన్నింటినీ కూడితే పనుల వ్యయం తేలుతుంది. దానికి భూసేకరణ, పునరావాసం, అటవీ పరిహారం, పర్యవేక్షణ, పన్నులు, ఊహించని ఖర్చుల పద్దు చేరితే మొత్తం అంచనా ఏర్పడుతుంది.

రేటు నిర్ణయానికి ఆధారం ప్రభుత్వం ప్రకటించే ప్రామాణిక ధరల పట్టిక. ఇంజనీరింగ్ శాఖలలో దీనిని ఎస్.ఎస్.ఆర్. అని వ్యవహరిస్తారు. ఒక ఘనపు మీటరు కాంక్రీటుకు ఎంత సిమెంటు, ఎంత ఇసుక, ఎంత కంకర, ఎన్ని కూలి దినాలు, ఎన్ని యంత్ర గంటలు పడతాయో తేల్చి, ఒక్కొక్కదానిని పట్టికలోని ధరతో గుణిస్తారు. దానికి గుత్తేదారు నిర్వహణ ఖర్చును, లాభాన్ని కలుపుతారు. ఈ ప్రక్రియే రేటు విశ్లేషణ. సామగ్రి తెచ్చే దూరాన్ని బట్టి లీడ్, ఎత్తించే ఎత్తును బట్టి లిఫ్ట్ మారతాయి. క్వారీ పది కిలోమీటర్లలో ఉందని అంచనా వేసి, తీరా పనిలో యాభై కిలోమీటర్ల నుంచి రాయి తేవలసి వస్తే, రాయి ధర మారకపోయినా పని రేటు మారుతుంది.

పరిమాణానికి ఆధారం సర్వే, భూగర్భ పరిశోధన, రూపకల్పన. పోలవరం స్పిల్‌వే ఇందుకు మంచి ఉదాహరణ. తొలి రూపకల్పనలో 36 లక్షల క్యూసెక్కుల వరదను పరిగణించగా, కేంద్ర జలసంఘం సూచనతో దానిని 50 లక్షల క్యూసెక్కులకు పెంచారు. సిమెంటు బస్తా ధర ఒక్క రూపాయి పెరగకపోయినా ఈ నిర్ణయంతో కట్టవలసిన కట్టడమే పెద్దదైంది. భద్రత కోసం చేసిన ఈ మార్పును దుబారా అనడానికి వీల్లేదు. అయితే అది ధరల పెరుగుదల కూడా కాదు.

అంచనా పక్కన ‘ధరల స్థాయి’ అని ఒక సంవత్సరాన్ని పేర్కొనడం తప్పనిసరి. ఆ ఏటి ధరలతో మొత్తం పని పూర్తయితే అయ్యే వ్యయం అంత అని దాని అర్థం. కాబట్టి ధరల స్థాయి చెప్పకుండా రెండు అంచనాలను పోల్చడం కొలబద్ద చెప్పకుండా రెండు పొడవులను పోల్చడం వంటిది.

3. పోలవరం అంచనాల క్రమం

పోలవరానికి 1980లో అప్పటి ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య శంకుస్థాపన చేశారు. పనులు ఊపందుకున్నది 2004 తరువాత జలయజ్ఞంలో భాగంగా. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం దీనిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. 194.6 టీఎంసీల నిల్వ, 7.2 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు, కృష్ణానదికి 80 టీఎంసీల మళ్లింపు, విశాఖపట్నం అవసరాలకు 23.44 టీఎంసీలు, 960 మెగావాట్ల జలవిద్యుత్తు దీని ప్రధాన లక్ష్యాలు. దీని అంచనాలు వివిధ ధరల స్థాయిలలో ఈ విధంగా ఉన్నాయి:

అ) 2005-06 ధరలు: రూ.10,151.04 కోట్లు
ఆ) 2010-11 ధరలు: రూ.16,010.45 కోట్లు
ఇ) 2013-14 ధరలు: రూ.20,398.61 కోట్లు (సాగునీటి విభాగం మాత్రమే)
ఈ) 2017-18 ధరలు: రూ.55,548.87 కోట్లు

చివరి అంచనాను కేంద్ర జలశక్తి రంగానికి చెందిన సాంకేతిక సలహా సంఘం 2019 ఫిబ్రవరిలో ఆమోదించింది. ఆ తరువాత సవరించిన వ్యయ సంఘం దానిని రూ.47,725.74 కోట్లకు పరిమితం చేస్తూ సిఫారసు చేసింది. పెరుగుదల స్వరూపాన్ని గుర్తించడమే ఈ భాగం ఉద్దేశం కనుక, సాంకేతిక సలహా సంఘం ఆమోదించిన అంకెనే ఇక్కడ గణనకు స్వీకరించడమైనది.

మొత్తం ప్రాజెక్టుకు చెందిన మూడు అంచనాల నడుమ పెరుగుదలను సంవత్సరానికి సగటు చక్రవృద్ధి రేటుగా మార్చి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. 2005-06 నుంచి 2010-11 వరకు ఐదేళ్లలో ఏడాదికి దాదాపు 9.5 శాతం పెరుగుదల ఉంది. ఆ తరువాతి ఏడేళ్లలో మాత్రం అది ఏడాదికి 19 శాతాన్ని మించింది. సిమెంటు, ఉక్కు, కూలి ధరలు ఒక్కసారిగా ఆ వేగం అందుకున్న దాఖలా దేశంలో లేదు. కనుక ఈ మలుపునకు కారణాన్ని ధరల పట్టికలో కాక మరెక్కడైనా వెదకవలసి ఉంటుంది.

4. పెరుగుదలను విడదీసే పద్ధతి

ఒక అంశం పరిమాణం 100 యూనిట్లు, రేటు రూ.500 అనుకుంటే దాని వ్యయం రూ.50,000. కొంతకాలానికి పరిమాణం 130 యూనిట్లకు, రేటు రూ.800కు చేరితే వ్యయం రూ.1,04,000 అవుతుంది. పెరిగిన రూ.54,000లో పాత పరిమాణంపై రేటు పెరుగుదల వాటా రూ.30,000, పాత రేటుపై అదనపు పరిమాణం వాటా రూ.15,000, రెండూ కలిసి కలిగించిన భాగం రూ.9,000. ఈ మూడవ భాగాన్ని ఏ పద్దులో చేర్చాలన్నది తరచు వివాదాంశమవుతుంది. పని ఆలస్యం కాకుండా ఉంటే అదనపు పరిమాణం కూడా పాత రేటుకే పూర్తయ్యేది కనుక, దానిని ఆలస్యం ఖాతాలో చూడడం సమంజసం.

ఈ విభజనను పోలవరానికి అన్వయించేటప్పుడు ముందుగా పనుల వ్యయాన్ని, భూసేకరణ-పునరావాసాల వ్యయాన్ని వేరుచేయాలి. 2017-18 అంచనాలో భూసేకరణ, పునరావాసాల వాటా రూ.33,168.23 కోట్లు. అంటే మొత్తంలో దాదాపు 60 శాతం. మిగిలిన పనులన్నింటి వాటా రూ.22,380.64 కోట్లు.

తొలి అంచనాలోని పద్దుల విభజనను పక్కన పెట్టినప్పటికీ ఈ అంకెల నుంచి ఒక గట్టి నిర్ణయానికి రావచ్చు. మొత్తం పెరుగుదల సుమారు రూ.45,398 కోట్లు. తొలి అంచనా మొత్తం పునరావాసానికే ఉద్దేశించినదని అనుకున్నా, ఆ పద్దులో పెరుగుదల రూ.23,017 కోట్లు అవుతుంది. తొలి అంచనాలో పునరావాసానికి ఏమీ లేదనుకుంటే అది రూ.33,168 కోట్లు అవుతుంది. వాస్తవం ఈ రెండింటి నడుమ ఉంటుంది. కాబట్టి మొత్తం పెరుగుదలలో పునరావాసపు వాటా కనిష్ఠంగా దాదాపు 51 శాతం, గరిష్ఠంగా దాదాపు 73 శాతం. మలి అంచనాలో ఈ ఒక్క పద్దే తొలి అంచనా మొత్తానికి మూడు రెట్లకు పైగా ఉండడం గమనార్హం.

5. భూసేకరణ చట్టం – వ్యయ స్వరూపం

ఈ మార్పునకు కాలక్రమంలో సరిపోయే ముఖ్య కారణం చట్టంలోనే కనిపిస్తుంది. 1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో 2013లో కొత్త చట్టం వచ్చి, 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పాత చట్టంలో భూమి మార్కెట్ విలువపై 30 శాతం సాంత్వన పరిహారం చెల్లించేవారు. కొత్త చట్టం గ్రామీణ ప్రాంతాల్లో మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండు వరకు ఉండే గుణకంతో హెచ్చించి, దానిపై 100 శాతం సాంత్వన పరిహారం ఇవ్వాలంటుంది. లక్ష రూపాయల మార్కెట్ విలువ ఉన్న భూమికి, వడ్డీ తదితరాలను మినహాయిస్తే, పాత లెక్కలో వచ్చేది రూ.1.30 లక్షలు. కొత్త లెక్కలో గుణకాన్ని బట్టి రూ.2 లక్షల నుంచి రూ.4 లక్షల వరకు వస్తుంది.

చట్టం భూమి ధరతో ఆగలేదు. భూమి లేని కూలీలను, ముంపు ప్రాంతంపై జీవనోపాధికి ఆధారపడిన వారిని సైతం బాధిత కుటుంబాలుగా గుర్తించింది. ఇల్లు, జీవనభృతి, తరలింపు ఖర్చు, పునరావాస కాలనీలో రోడ్డు, తాగునీరు, బడి వంటి సదుపాయాలను తప్పనిసరి చేసింది. సాగునీటి ప్రాజెక్టుల విషయంలో భూమి కోల్పోయే షెడ్యూల్డ్ కులాల, తెగల కుటుంబాలకు కోల్పోయినంత భూమి గాని, రెండున్నర ఎకరాలు గాని – ఏది తక్కువైతే అది – ఇవ్వాలని నిర్దేశించింది. పోలవరం ముంపులో లక్షకు పైగా కుటుంబాలు ఉన్నట్లు అధికారిక లెక్కలు చెబుతున్నాయి. వారిలో కోయలు, కొండరెడ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు.

ఈ సందర్భంలో ఒక మౌలికమైన ప్రశ్న తలెత్తుతుంది. 2014కు ముందు ఈ వ్యయం లేదా? ఉంది. కాని అది ప్రభుత్వ పద్దులో లేదు. ఊరు విడిచిన కుటుంబమే దానిని భరించింది. భూమికి వచ్చిన పరిహారం మరోచోట అదే విస్తీర్ణం కొనడానికి చాలకపోవడం, పట్టా లేని పోడు భూమికి ఏమీ రాకపోవడం, భూమిలేని కూలికి పని పోవడం – ఇవన్నీ ప్రాజెక్టు వ్యయాలే. అర్థశాస్త్ర పరిభాషలో ఇవి బాహ్య వ్యయాలు. 2013 చట్టం ఆ బాహ్య వ్యయంలో కొంత భాగాన్ని ప్రాజెక్టు పద్దులోకి తెచ్చింది. అందువల్ల అంచనాలో కనిపించే పెరుగుదల అంతా సమాజానికి కొత్తగా కలిగిన భారం కాదు. ఒకరి నెత్తి మీది మూట మరొకరి భుజానికి మారింది. ‘వ్యయం ఐదున్నర రెట్లు పెరిగింది’ అనే వాక్యం ఈ తేడాను మరుగుపరుస్తుంది.

ఇదే ధరల స్థాయి నిధుల పంపకాన్నీ నిర్ణయించింది. సాగునీటి విభాగంలో 2014 ఏప్రిల్ 1 నాటికి మిగిలిన వ్యయాన్ని, ఆ తేదీనాటి అంచనా మేరకు భరిస్తామని 2016లో కేంద్రం పేర్కొంది. ఆ తేదీకి దగ్గరి అంచనా రూ.20,398.61 కోట్లది. కొత్త చట్టపు భారం మాత్రం తరువాతి అంచనాలో ప్రతిఫలించింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య ఏళ్ల తరబడి నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలకు కేంద్రబిందువు ఈ అంతరమే. గణాంకశాస్త్రంలో సాధారణంగా కనిపించే ఒక ఆధార సంవత్సరం ఆచరణలో వేల కోట్ల బాధ్యతను ఎవరిదో తేల్చే అంశమైంది.

6. కాలం వెల

ధరలు ఏమాత్రం పెరగవని అనుకున్నా ఆలస్యానికి వెల ఉంటుంది. రూ.10,000 కోట్ల పనిని ఏడాదికి రూ.2,000 కోట్ల చొప్పున ఐదేళ్లలో ముగిస్తే, 10 శాతం వడ్డీతో పూర్తయ్యేనాటికి పెట్టుబడి విలువ సుమారు రూ.12,210 కోట్లు. అదే మొత్తాన్ని పదిహేనేళ్లకు సమానంగా పంచి ఖర్చుచేస్తే, పూర్తయ్యేనాటికి దాని విలువ సుమారు రూ.21,180 కోట్లు. బిల్లుల మొత్తం రెండు సందర్భాల్లోనూ ఒకటే. అయినా రెండవ సందర్భంలో పంట పొలానికి నీరు చేరకముందే దాదాపు తొమ్మిది వేల కోట్ల రూపాయల అదనపు భారం పడింది. పరిమితమైన నిధులను ఒకేసారి అనేక ప్రాజెక్టులకు పలుచగా పంచడంలోని నష్టం ఇదే.

పనుల వరుసక్రమానికి కూడా వెల ఉంది. పోలవరంలో ఎగువ కాఫర్ డ్యాం పూర్తికాకముందే వచ్చిన వరదల ఉధృతికి ప్రధాన ఆనకట్ట పునాదికి ఉద్దేశించిన డయాఫ్రం గోడ దెబ్బతిన్నది. దాని స్థానంలో కొత్త గోడ నిర్మాణం 2025లో మొదలైంది. ఒకే పనికి రెండుసార్లు ఖర్చు చేయవలసి రావడం రేటులోనూ, తొలి రూపకల్పనలోని పరిమాణంలోనూ కనిపించదు. వ్యయ విశ్లేషణలో దీనికి ‘పునర్నిర్మాణ వ్యయం’ అన్న ప్రత్యేక పద్దు ఉండాలి. లేనిపక్షంలో అది ధరల పెరుగుదల అన్న విశాలమైన పేరులో కలిసిపోతుంది.

7. లబ్ధి-వ్యయ నిష్పత్తి: ప్రయోజనం, పరిమితులు

ప్రాజెక్టు కట్టదగినదా కాదా అన్న ప్రశ్నకు భారతదేశంలో వాడే కొలమానం లబ్ధి-వ్యయ నిష్పత్తి. వార్షిక ప్రయోజనాన్ని వార్షిక వ్యయంతో భాగిస్తే అది వస్తుంది. సాధారణ ప్రాంతాల సాగునీటి ప్రాజెక్టులకు 1.5, కరవు ప్రాంతాలకు 1.0 కనీస పరిమితులు. వార్షిక వ్యయంలో మూలధనంపై 10 శాతం వడ్డీ, నూరేళ్ల ఆయుర్దాయం గల కట్టడాలకు 1 శాతం తరుగుదల, నిర్వహణ ఖర్చు ప్రధానాంశాలు.

ఒక ఊహాత్మక ప్రాజెక్టు మూలధనం రూ.10,000 కోట్లు, వార్షిక నిర్వహణ రూ.100 కోట్లు, వార్షిక ప్రయోజనం రూ.1,800 కోట్లు అనుకుంటే వార్షిక వ్యయం రూ.1,200 కోట్లు, నిష్పత్తి సరిగ్గా 1.5. మూలధనం రూ.15,000 కోట్లకు పెరిగితే వార్షిక వ్యయం రూ.1,750 కోట్లు, నిష్పత్తి 1.03. అయితే ఈ సూత్రంలో ప్రయోజనం ఏ ఏడు మొదలవుతుందన్న ప్రశ్నకు చోటు లేదు. 10 శాతం తగ్గింపు రేటుతో చూస్తే పదేళ్ల తరువాత వచ్చే రూపాయికి నేటి విలువ 39 పైసలకు మించదు. ప్రయోజనం వెంటనే అందినా పదేళ్లు ఆలస్యమైనా సూత్రం మాత్రం ఒకే సమాధానం చెబుతుంది.

ఈ నిష్పత్తి తనలో చేర్చిన అంకెలపై ఎంతగా ఆధారపడుతుందో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం చూపుతుంది. ప్రాజెక్టు నివేదికలో 1.51గా చూపిన నిష్పత్తి, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2024లో శాసనసభకు సమర్పితమైన నివేదికలోని గణన ప్రకారం 0.75 మాత్రమే. పెరిగిన వ్యయాన్ని పరిగణిస్తే అది 0.52కు దిగుతుందని ఆ నివేదిక పేర్కొంది. వార్షిక వ్యయాలను తక్కువగా, ప్రయోజనాలను ఎక్కువగా చూపడం ఇందుకు కారణమని తెలిపింది. ఎత్తిపోతల పథకాల్లో విద్యుత్తు వ్యయం ఏటేటా తప్పనిది. యూనిట్ ధరలో కొద్ది మార్పు కూడా నిష్పత్తిని గీతకు అటునుంచి ఇటు తేగలదు. కనిష్ఠ పరిమితి 1.5 అయినచోట నిష్పత్తి 1.51 అని తేలినప్పుడు దాని వెనుక ఉన్న ప్రతి ఊహనూ పరీక్షించడం విశ్లేషకుల విధి.

8. లెక్కకు అందని వ్యయాలు

నిష్పత్తిలో చేరని వ్యయాలు ఇంకా ఉన్నాయి. పోలవరం మొదటి దశలో 41.15 మీటర్ల మట్టం వరకు నీటి నిల్వకు సంబంధించి రూ.30,436.95 కోట్ల సవరించిన వ్యయాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదించింది. పూర్తి జలాశయ మట్టం 45.72 మీటర్లు. ఈ రెండు మట్టాల మధ్యనున్న ఊళ్లలో కుటుంబాలు కదలాలో, ఉండాలో తేలక కాలం గడుపుతున్నాయి. ముంపు జాబితాలో ఉన్న ఊరిలో కొత్త ఇల్లు కట్టుకునేవారు, భూమిని బాగుచేసుకునేవారు అరుదు. ఈ నిరీక్షణకు ఏ ధరల పట్టికలోనూ రేటు లేదు.

అడవిపై ఆధారపడిన జీవనం విషయంలోనూ ఇదే పరిస్థితి. తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు, కొండచీపుర్ల సేకరణ ఆదాయాన్ని కొంతవరకు రూపాయల్లో చెప్పవచ్చు. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ వాగు ఎక్కడ దాటాలో తెలిసిన తరతరాల ఎరుక మైదానపు కాలనీలో అక్కరకు రాదు. దీనిని అంకెగా మార్చలేకపోవడం పద్ధతి పరిమితి. కాని అంకెగా మార్చలేనిదాన్ని సున్నాగా భావించడం పద్ధతిలో దోషం. అటువంటి అంశాలను అంచనాకు జతపరిచే వివరణలో ప్రత్యేకంగా పేర్కొనడం శాస్త్రీయమైన మార్గం.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన విషయాలు:

1. పోలవరం అంచనాలో 2005-06 నుంచి 2017-18 వరకు వచ్చిన పెరుగుదలలో కనీసం సగం, గరిష్ఠంగా దాదాపు మూడొంతులు భూసేకరణ, పునరావాసాలకు చెందినది. దానిని సామగ్రి ధరల పెరుగుదలగా గాని, మొత్తంగా దుబారాగా గాని వర్ణించడం సరికాదు.

2. ఆ పెరుగుదలలో గణనీయమైన భాగం పూర్వం నిర్వాసితులు మౌనంగా భరించిన వ్యయం. చట్టం దానిని ప్రభుత్వ పద్దుకు మార్చింది.

3. మిగిలిన పనుల వ్యయం 2017-18లో రూ.22,380 కోట్లు. తొలి అంచనా మొత్తంతో పోల్చినా ఇది 2.2 రెట్లు. రూపకల్పన మార్పు, ధరలు, ఆలస్యం, పునర్నిర్మాణాల వాటాలను అంశాలవారీగా విడదీయవలసినది ఈ భాగంలోనే.

4. ప్రతి సవరించిన అంచనాతో పాటు రేటు, పరిమాణం, చట్టం, కాలం, పునర్నిర్మాణం అనే ఐదు పద్దుల కింద కారణాల పట్టికను ప్రచురించడం అవసరం.

5. లబ్ధి-వ్యయ నిష్పత్తిని ఒకే అంకెగా కాక, ఆలస్యం, విద్యుత్తు ధర, దిగుబడుల మార్పులకు అది ఎలా స్పందిస్తుందో చూపే శ్రేణిగా ఇవ్వాలి.

వ్యయ విశ్లేషణ ఎంత ఖర్చయిందో చెప్పడంతో ముగియదు. ఆ ఖర్చును ఎవరు, ఎప్పుడు, ఏ పద్దు కింద భరించారో చెప్పినప్పుడే అది సంపూర్ణమవుతుంది. ఆయకట్టు రైతుకు అందే నీటి విలువను లెక్కించినంత శ్రద్ధగా ముంపు గ్రామం విడిచిన కుటుంబం నష్టాన్ని కూడా లెక్కించినపుడు అంచనా పత్రం సమాజం ముందుంచదగిన నిజమైన జమాఖర్చు అవుతుంది.